వినకూడని నంబరు

హిందూపురం చింతపండు గోడౌన్‌లో బస్తాల వెనక గూఢచార ఏజెన్సీ కంట్రోల్ రూమ్.

"విదేశీ ముఠా ఒక రైలు వంతెన పేల్చబోతోంది. ఏ వంతెనో తెలీదు. ఫోన్ కాల్‌తో పేలే బాంబు," అన్నాడు చీఫ్ నాగభూషణం. "హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ప్రతి ఫోనూ యంత్రం వింటోంది. వారంట్ అక్కర్లేదు. కదిరప్ప అనేవాణ్ణి పట్టిచ్చింది. రోజుకో పొలంలో పడుకుంటాడు. మొన్న పెనుకొండ వంతెన పక్కనే ఉన్నాడు."

"గొర్రెల కాపరి సర్. ఎరువు కోసం రైతులు పిలిస్తే రోజుకో చేలో మంద కడతాడు." ఏజెంట్ జయచంద్రది చెన్నేకొత్తపల్లి. చిన్నప్పుడు మంద వెంట తిరిగినవాడే.

"ఆ సంగతి యంత్రానికి చెప్పు," అని నవ్వింది కల్పన. ముఠాలో చేరి ఏజెన్సీకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె పట్టుచీరలో వస్తే కంట్రోల్ రూమ్‌లో సగం పని ఆగిపోతుంది. "ధర్మవరంలో ముఠాను కలవాలి. వస్తా."

పెనుకొండ లాకప్‌లోకి జయచంద్ర దొంగసరుకు వ్యాపారి వేషంలో, సాటి ఖైదీగా వెళ్లాడు.

"ఏమప్పా, ఏం జేసినావు?"

"ఏం జేయలేదబ్బా. ఎవురో ఆయమ్మ ఫోన్ చేసి, వంతెన కాడ చేన్లో మంద కట్టమనె. పోయి చూస్తే పచ్చగా చెనిక్కాయ పైరు ఉండాది. పైరు మింద ఎవురన్నా మంద కట్టిస్తారా? సేద్యం తెలీని మనిషి అనుకోని పక్కన బీడు బూమిలో పండుకుంటి. నా గొర్రెలు యాడ పోయినాయో ఏమో."

అతను తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. జయచంద్రకు సిగ్గేసింది.

బయటికొచ్చి కదిరప్ప ఫోన్ తెరిచాడు. ఆ కాల్ ఉంది. యంత్రం రికార్డులో లేదు. యంత్రం విననివి ఏజెన్సీ నంబర్లే. ఇది కల్పనది. కంచే చేను మేసింది. వెంటనే చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సర్, బాంబు పెనుకొండ వంతెన కిందే ఉంది. నింద మోయడానికే కల్పన ఆ కాపరిని అక్కడికి పిలిచింది. కల్పన నంబర్ ఆపండి."

"మన నంబర్లను యంత్రం ముట్టుకోదు. రైలు పెనుకొండ స్టేషన్ దాటేసిందయ్యా."

"అయితే మూడు ఊళ్ల టవర్లూ ఆపేయండి."

"ఆస్పత్రులు? అంబులెన్సులు?"

"తెలుసు సర్. ఆపండి."

ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. రైలు వంతెన ఎక్కింది, దిగింది. ధర్మవరం ప్లాట్‌ఫాం మీద పట్టుబడేటప్పటికి కల్పన ఇంకా కాల్ బటన్ నొక్కుతూనే ఉందట.

సాయంత్రం కదిరప్పను వదిలేశారు. ఫోన్ తిరిగిస్తున్న జయచంద్రను ఎగాదిగా చూశాడు.

"నువ్వూ వీళ్ల మనిషివేనా? నీ కాడే పెట్టుకో సామీ. నేను మాట్లాడితే వినేది మీరేనని పోలీసోళ్లు చెప్పిరి గదా."

గొర్రెలను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. జయచంద్ర జేబులో సొంత ఫోన్ మోగింది.

"శభాష్," అన్నాడు చీఫ్. "వారంట్ లేకుండా ఫోన్లు వినే ఆర్డర్ ఇంకో ఏడాది పొడిగించారు. ఇకనుంచి మన నంబర్లూ వింటారు."

"ఎవరు సర్?"

చీఫ్ పెట్టేశాడు. జయచంద్ర రెండు ఫోన్లూ పట్టుకుని, తనది ఎవరికిచ్చి పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.