నమూనా నంబర్ ఒకటి

1985 మే నెల. గుంతకల్లు జంక్షన్ విశ్రాంతి గదిలో బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది.

"బత్తలపల్లె క్యాంపు," అన్నాడు చీఫ్ రామదాసు. "ముట్లుడిగిన ఆడోళ్లకు ఎముకలు గట్టిపడే మాత్రలంట. ఎనక ఉండేది విదేశీ ముఠా. ఈ పొద్దు పన్నెండుకు డోసు మూడింతలు చేస్తాండారు. లోపల మన మనిషి ఉండాది. ఎవరో నాకూ తెలీదు. కోడ్ ఢిల్లీ పంపింది."

ఏజెంట్ తిమ్మక్కకు యాభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లుగా ఆయన మాటే ఆమెకు ఆర్డరు. ఈ వయసులో ఎముకలు గుల్లబారతాయని ఆర్నెల్లుగా క్యాల్షియం మాత్రలు కూడా ఆయనే తెచ్చిస్తున్నాడు. పోయిన నెల తుంటికి ఎక్స్‌రే కూడా తీయించాడు.

పదకొండున్నరకు ఆమె నేతపని మనిషి వేషంలో క్యాంపు చేరింది. వక్కాకు సంచిలో బుల్లి కెమెరా. క్యూలో నలభైమంది ఆడవాళ్లు. జార్జెట్ చీర, నల్లకళ్లద్దాలతో డాక్టర్ నాగలక్ష్మి సినిమాతారలా తిరుగుతోంది. ముఠాకు కుడిభుజం ఆమే.

"ఈడ నీళ్లు చప్పగుండాయి డాక్టరమ్మా."

నాగలక్ష్మి క్షణం ఆగింది. "ఉప్పు కలుపుకో."

కోడ్ కలిసింది! ఇద్దరూ ఎక్స్‌రే గదిలోకి నడిచారు. నాగలక్ష్మి ఒక ఫిల్మును లైటుకెత్తి పట్టింది.

"ఎముక తెల్లగుంది కదా? గట్టిపడి కాదు. ఫ్లోరైడ్! మోతాదు మించితే పెళుసైపోతుంది. ఇక్కడి బోరునీళ్లలో ముందే ఉంది కాబట్టి ఫిల్ములు ఇంకా తెల్లగా వస్తాయి. అవి చూపించి మందును లోకమంతా అమ్ముకుంటారు. ఇది నమూనా నంబర్ ఒకటి. గుంతకల్లు నుంచి వచ్చింది."

ఫిల్ములో తుంటి పక్కన చిన్న తూటాముక్క. డెబ్బై ఒకటిలో రామదాసును పక్కకు తోసి తిమ్మక్క తిన్న తూటా అది. ఆ ఎముకలు తనవే. ఆ మాత్రలు క్యాల్షియం కావు.

"కోడ్‌కు జవాబిచ్చేదెవరో తెలుసుకోవాలనే వచ్చినా," అన్నారెవరో. గుమ్మంలో రామదాసు. చేతిలో పిస్తోలు.

"నన్నే ఎందుకు పంపితివి సార్?"

"నన్ను అనుమానించని మనిషివి నువ్వొక్కదానివే, తిమ్మక్కా."

బయట పన్నెండు గంటలు మోగాయి. నలభై చేతులు మాత్రలతో నోళ్ల దాకా లేచాయి.

తిమ్మక్క పిడికిలి బిగించి కొట్టింది. తూటా పైకప్పులో దిగింది. రామదాసు నేలమీద పడ్డాడు, పిస్తోలు నాగలక్ష్మి చేతికొచ్చింది.

"మింగొద్దండమ్మా! పారేయండి!" కిటికీలోంచి తిమ్మక్క అరిచింది. మాత్రలన్నీ దుమ్ములో రాలాయి. ఫిల్ముల పెట్టెతో కారెక్కబోతున్న ఇద్దరు విదేశీయులను నాగలక్ష్మి కబురుతో వచ్చిన పోలీసులు గేటు దగ్గరే పట్టుకున్నారు.

సాయంత్రం అనంతపురంలో ఎముకల డాక్టరు ఆమె చేతికి కట్టు కడుతూ అడిగాడు:

"మణికట్టు రెండు చోట్ల విరిగింది. దేన్ని కొట్టినావమ్మా?"

"మా ఆఫీసరు దవడనప్పా," అంది తిమ్మక్క. "ఆయనవి మాత్రం మంచి ఎముకలే."