గుట్ట అవతల ఏముంది

"నెమలికి మూడు కాళ్లుంటయా?"

దాజీ పేట్‌లోని ఆ చిన్న గదిలోకి వస్తూనే మనీషా చద్దరు ముక్కను టేబుల్ మీద పడేసింది. కంప్యూటర్ ముందున్న శుభమ్ తల తిప్పలేదు. చద్దర్ల మీద పువ్వులూ నెమళ్లూ గీసి, మగ్గాలు వాటిని నేసేలా చిల్లుల కార్డులు కొట్టి ఇవ్వడం అతని పని. ఆ క్షణంలో మాత్రం తెర మీద గుర్రాన్ని పరిగెత్తిస్తున్నాడు.

"ఏ భావూ, నీతోనే మాట్లాడుతున్న. మా కార్ఖానల చెకింగ్ చేసేది నేను. సేట్ నన్ను తిట్టిండు."

అతను ముక్కను ఇటూ అటూ తిప్పి చూశాడు. "మూడోది కాలు కాదు, తోక."

"తోక ముంగటికెల్లి వస్తదా?"

రాదని ఒప్పుకున్నాడు. నెమలిని సరిచేసి, కొత్త కార్డులు కొట్టడానికి పక్కగదిలో మిషన్‌కు గంట పడుతుందన్నాడు. మనీషా స్టూలు మీద కూర్చుంది. అతను మళ్లీ ఆట తెరిచాడు.

"పెద్ద మనిషివి, ఇదేం ఆట?"

"ముందుగాల ఒకసారి ఆడి చూడు. నంతర్ తిట్టు."

తెర మీద గాలికి ఊగుతున్న గడ్డి, దూరంగా ఒక గుట్ట. మధ్యలో కత్తి పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్ల తనేనట.

"ఎటు పోవాలె?"

"నీ మర్జీ. ఎటన్న పో."

వేళాకోళమాడుతున్నాడేమోనని మనీషా అతని మొహం చూసింది. వేళాకోళం కాదు. నీలం నగర్‌లో ఇల్లు, ఇక్కడ కార్ఖానా. ఆరేళ్లుగా ఒకటే దారి. ఎటన్నా పొమ్మని ఆమెతో ఎవరూ అనలేదు.

కొంచెం నడిచాక ఒక ముసలాయన ఎదురొచ్చి మాంత్రికుణ్ణి చంపిపెట్టమన్నాడు. కింద రెండు జవాబులు కనిపించాయి. మనీషా 'ఒప్పుకోను' నొక్కింది.

"అయ్యో! అసలు కథ గాయనతోనే షురూ అయితది."

"ఆ మాంత్రికుడు నన్నేమన్నడు, చంపెతందుకు?"

ఆమె తిన్నగా ఒక ఇంట్లోకి దూరింది. లోపల ఒకామె మగ్గం నేస్తోంది. మనీషా రెండు నిమిషాలు అలాగే చూసింది. "ఎంత నేసినా బట్ట పెరుగుతలేదు. మా బాపు గిట్ల నేస్తే సేట్ ఊకుంటడా?"

శుభమ్ కుర్చీ వెనక్కి వాలేలా నవ్వాడు. ఏళ్లుగా ఆడుతున్నా ఆ ఇంట్లోకి తనెప్పుడూ పోలేదట.

ఆమె నదిలో పడి చచ్చింది. మళ్లీ లేచింది. గుర్రం ఎక్కింది. గుట్ట సగం ఎక్కేసరికి పక్కగదిలో మిషన్ ఆగింది.

ఆ తర్వాత ప్రతి శనివారం కార్ఖానాలో ఏదో ఒక చద్దరుకు ఏదో ఒక తప్పు దొరికేది. రెండో వారం శుభమ్, "అన్నను పిలిచినట్టు భావూ అనకు, పేరు పెట్టి పిలువు," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

నాలుగో శనివారం ఆమె మౌస్ ముట్టలేదు.

"రేపు నన్ను చూసెతందుకు భివండి నుంచి వస్తున్నరు."

శుభమ్ తెర వంకే చూస్తూ, "మంచిదే కద," అన్నాడు.

మనీషా కార్డుల కట్ట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం తల్లి మంగళ బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరించింది. కాసేపటికి, "అమ్మా, భివండోళ్లను రావద్దను," అంది.

"ఎందుకే?"

"నాకు ఇంకో పిల్లగాడు నచ్చిండు."

"ఆ పిల్లగాడేమంటుండు?"

"మంచిదే కద అన్నడు."

మంగళ చేతిలో బీడీ ఆగింది. "గదేం మాట? గసువంటోని కోసం వచ్చే సంబంధం వద్దనాల్నా?"

"ఆయన కోసం కాదు. నాకే వద్దు."

మంగళ ఇంకో రెండు బీడీలు చుట్టింది. తర్వాత ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. ఏం చెప్పిందో మనీషాకు వినపడలేదు. లోపలికొచ్చి, "పిల్లకు మనసు లేదన్న," అని మాత్రం చెప్పింది.

ఆదివారం పొద్దున శుభమ్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చిందరవందర జుట్టు.

"నీ గుర్రం గుట్ట మీదనే ఉన్నది. నేను ముట్టలే," అన్నాడు మనీషాతో.

"గది చెప్పెతందుకు వచ్చినవా?"

"కాదు. నిన్న తప్పు మాటన్న. మంచిగ లేదు. నాకు అస్సలు మంచిగ లేదు. భివండోళ్లు వచ్చేలోపు చెప్పాల్నని వచ్చిన."

"వాళ్లు వస్తలేరు."

శుభమ్ ఇంకేదో అనబోయి మరిచిపోయాడు. మనీషాకు నవ్వొచ్చింది, ఆపుకుని వంటగదిలోకి వెళ్లింది.

మంగళ చాట పక్కన పెట్టి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "కూసో. మీ దిక్కు నల్లాల నీళ్లు ఎన్ని దినాలకొకసారి వస్తయి?"

"నాలుగు దినాలకు, కాకూ."

"మాకు ఐదు." ఆమె చేతులకంటిన పొగాకు దులుపుకుంది. "ఒక దినం నయమే," అని, వంటగది వైపు తిరిగి గొంతు పెంచింది. "మనీషా, చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్!"