పదకొండు గంటల కుళాయి

"గిడ్డమ్మగారూ, ఒక్క నిమిషం," అన్నాడు సర్ఫరాజ్ మైకులో, గొంతుకు కాస్త తేనె పూసుకుని. "రెండు వారాల క్రితం కోడుమూరు నుంచే షాహనా అని ఒకమ్మాయి మాట్లాడింది. మీ గొంతూ ఆమె గొంతూ అచ్చం ఒకటే ఉన్నాయే. మీరిద్దరూ కవలలా?"

అవతల ఫోన్‌లో వెనకాల నీళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కర్నూలులో హంద్రీ రేడియో అంటే రెండు గదుల చిన్న స్టేషన్. అయినా గురువారం పదకొండు గంటలకు వచ్చే ‘ఊరి మాట’ అంటే జిల్లాలో బాగానే పేరు. ఎవరైనా ఫోన్ చేసి తమ ఊరి కష్టం చెప్పుకోవచ్చు. ఆ పని చూసే అధికారి ఒకాయన స్టూడియోలో కూర్చుని జవాబు చెబుతాడు. షరతు ఒక్కటే. ఒక మనిషికి నెలకు ఒక్కసారే ఛాన్సు. లేకపోతే నోరున్న నలుగురే లైనంతా ఆక్రమించుకుంటారని ఆ ఏర్పాటు.

సర్ఫరాజ్‌ది బద్వేలు. మూడేళ్ళుగా ఈ కార్యక్రమానికి అనౌన్సర్. గొంతు గుర్తుపట్టడంలో తన తర్వాతే ఎవరైనా అని అతని నమ్మకం. పైగా ఈ గొంతును అతనెలా మరిచిపోతాడు? గురువారం వచ్చిందంటే దానికోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాడు. ఆ సంగతి తనకు తాను కూడా ఒప్పుకోడు, అది వేరే విషయం.

"సార్, నేను చెప్పే కష్టం నిజమా కాదా, అది అడగండి ముందు," అంది ఆ గొంతు.

"ముందు పేరు నిజమా కాదా చెప్పండి, తర్వాత కష్టం సంగతి చూద్దాం," అని నవ్వాడు సర్ఫరాజ్.

ఫోన్ కట్టయింది.

స్టూడియోలో కూర్చున్న నీళ్ళ ఆఫీసు పెద్దసారుకు ఇంతకన్నా ఏం కావాలి? "చూశారా, ఇట్లాంటి దొంగ ఫోన్లే ఎక్కువ వస్తుంటాయి. ఆ వీధిలో ఏ సమస్యా లేదు," అని మైకులోనే తేల్చిపారేశాడు. కార్యక్రమాల బాధ్యత చూసే హెన్రీ సార్ అద్దం అవతలి నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. సర్ఫరాజ్ ఆ పూటంతా హుషారుగా ఈల వేసుకుంటూ తిరిగాడు.

మర్నాడు పది గంటలకు ఆ ఈల ఆగింది.

"సర్ఫరాజ్ అంటే ఎవురు?" వరండాలోంచి వినిపించిన ఆ గొంతుకు అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. బయటికి వచ్చి చూస్తే, పాతికేళ్ళ అమ్మాయి. బస్సు తొందరలో మరిచిపోయిందేమో, మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతోంది. పక్కన యాభై దాటిన ఒకామె, కాళ్ళకు చేని మట్టితో నిలబడింది.

"నేనే," అన్నాడు సర్ఫరాజ్.

"నేను షాహనా. ఈమె గిడ్డమ్మ. బాగా చూడండి సార్. కవలలం కాదు."

సర్ఫరాజ్ గిడ్డమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీ పేరుతో ఈమె మాట్లాడిన సంగతి మీకు తెలుసా?"

"నేనే కదప్పా మాట్లాడమంటి," అంది గిడ్డమ్మ. "పదకొండు గంటలకు నేను యాడుంటా? ఉల్లిగడ్డ చేన్లో ఉంటా. పని ఇడిసిపెట్టి ఫోన్ చేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? పగటిపూట మా వీధిలో ఉండేది ఈ పాప, వాళ్ళ జేజి, మేకలు. మేకలు మాట్లాడవు కదప్పా."

"మరి గిడ్డమ్మ తరఫున అని చెప్పొచ్చు కదండీ," అన్నాడతను షాహనాతో, కాస్త తగ్గి.

"చెప్పినా. మీ ఫోన్ ఎత్తే ఆయన ఏమన్యాడో తెలుసా? కష్టం ఎవురిదో వాళ్ళే మాట్లాడాల, తరఫున కుదరదు అన్యాడు. సరే, కుదిరేటట్లు చేద్దామని గిడ్డమ్మనైపోయినా."

ఆ ‘ఫోన్ ఎత్తే ఆయన’ హెన్రీ సారే. తలుపు సందులోంచి వింటున్నవాడల్లా మెల్లగా లోపలికి తప్పుకున్నాడు.

"మాకు కుళాయి నీళ్ళు పదకొండుకు వదుల్తారు, అరగంట," అని కొనసాగించింది షాహనా. "ఆ పొద్దుకు అందరూ కూలికి పోయింటారు. పొద్దున్నే బిందెలన్నీ మా మిషన్ అంగడి ముందర పెట్టిపోతారు, ముప్పై బిందెలు. నేను కుట్టేది ఆపి పట్టాల. పట్టినన్ని పడతా, మిగతా నీళ్ళు మోరీ పాలు. అందరూ ఇంటికాడ ఉండేటప్పుడు, పొద్దున ఆరుకు వదలండని మూడు నెలల నుంచి అడుగుతాండాము. అడిగింది అంతే. నిన్న మీరు నవ్వితిరి, ఆ సారు సమస్యే లేదనె."

"అయితే మీ ఫోన్‌లో ఎప్పుడూ వినిపించే ఆ నీళ్ళ చప్పుడు..."

"కుళాయిది. ఒక చేత్తో పైపు, ఒక చేత్తో ఫోను. మీరేమనుకుంటిరి?"

వానేమో అనుకున్నాడు. ఆమె ఉన్నచోట ఎప్పుడూ వాన పడుతుందేమో అని కూడా అనుకున్నాడు. అది బయటికి చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. "తప్పయిపోయింది. సారీ అండీ," అన్నాడు.

"దొంగదాన్నని జిల్లాకంతా వినిపించి, సారీ మాత్రం వరండాలో చెప్తాండారా?" అంది షాహనా. "ఎవురో చెప్తే విని, మా నాయన ఇంక ఫోన్ ముట్టుకోవద్దన్యాడు. రేడియో తీసి అటకెక్కించినాడు. గుడ్డలు కుట్టించుకునేదానికి వచ్చినోళ్ళు, ఈ పొద్దు నీ పేరేంది పాపా అని నవ్వుతాండారు. మాట మీద నడిచే అంగడి సార్ నాది. మాట పోతే ఇంకేముంటాది?"

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

తర్వాతి గురువారం పదకొండింటికి, హెన్రీ సార్‌ను బతిమాలి ఒప్పించి, అతను మైకులోనే క్షమాపణ చెప్పాడు. తడబడకుండా, సాకులు చెప్పకుండా చెప్పాడు. షాహనా చెప్పింది అక్షరాలా నిజమనీ, అబద్ధమైంది తన నవ్వేననీ అన్నాడు. చెప్పి, కోడుమూరు నుంచి ఫోన్ వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఆ పై వారం, ఆ పై వారం కూడా రాలేదు. ఎన్ని ఊళ్ళ గొంతులు వచ్చినా గురువారం వెలితిగానే ఉంటోంది. ఇంక దాచుకుని లాభం లేదు. ఆ అమ్మాయంటే ఇష్టం. ఆమె దృష్టిలో మాత్రం తానొక వెకిలి నవ్వుల మనిషి. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

నాలుగో గురువారం సెలవు పెట్టి, మైకు తోటి అనౌన్సర్ అంజలికి అప్పజెప్పి, కోడుమూరు బస్సెక్కాడు.

అతను ఆ వీధి వెతుక్కుంటూ చేరేసరికి సరిగ్గా పదకొండయింది. కుళాయి బుస్సుమంది. షాహనా మిషన్ దగ్గర్నుంచి ఒక్క ఉరుకున వచ్చి పైపు అందుకుంది. తల ఎత్తి చూసి అతన్ని గుర్తుపట్టింది కానీ, ఆశ్చర్యపోయే తీరిక ఎక్కడిది?

"ఊరికే నిలబడి చూస్తారా, ఆ నీలం బిందె ఇట్ల జరుపుతారా?"

జరిపాడు. తర్వాత ఇత్తడి బిందె, తర్వాత పెయింట్ డబ్బా. పైపు ఒకసారి దారి తప్పి అతని చొక్కా అంతా తడిపేసింది. కావాలనే తప్పిందని అతని అనుమానం, ఈరోజుకీ ఆమె ఒప్పుకోదు.

"మూడు వారాల కిందటే నేను రేడియోలో క్షమాపణ అడిగాను. మీరు వినలేదా?" అన్నాడు, నిండిన బిందె పక్కకు పెడుతూ.

"రేడియో అటక మీదుండాది. ఇంతకీ ఎన్ని గంటలకు అడిగినారు?"

"పదకొండుకు."

షాహనా పైపు పట్టుకుని అట్లాగే అతని వైపు చూసింది. తర్వాత నవ్వేసింది. "ఒకసారి అటు చూడండి సార్."

చూశాడు. వీధి పొడుగునా తాళాలు వేసిన తలుపులు. నీడలో మూడు మేకలు. అరుగు మీద షాహనా నాయనమ్మ మదార్ బీ జేజి, ఆమెకు వినికిడి తక్కువ. తను అంత గుండె దిటవు చేసుకుని చెప్పిన మాటలు ఎవరి చెవిన పడ్డాయో అప్పుడర్థమైంది. ఉల్లి చేలల్లో, మిరప చేలల్లో ఉన్న ఈ మనుషుల కోసమే ఆ కార్యక్రమం. అది వచ్చేదేమో వీళ్ళు ఇంట్లో లేనప్పుడు.

"మా ప్రోగ్రామ్ కూడా మీ కుళాయి లాంటిదేనండీ," అన్నాడు నీరసంగా.

"ఇప్పటికి తెలిసిందా?" అంది షాహనా. ఈసారి ఆ గొంతులో కోపం లేదు.

సర్ఫరాజ్ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు. సైకిల్ మీద ఊరూరా పరుపులు కుట్టి వచ్చే ఆమె నాయన మౌలా సాహెబ్ అయిదింటికి ఇల్లు చేరాడు. తడిసి ఆరిన చొక్కాతో లేచి నిలబడిన కుర్రవాణ్ణి ఎగాదిగా చూశాడు.

"అస్సలాము అలైకుమ్ చాచా. నేను రేడియో సర్ఫరాజ్‌ను."

"వాలైకుమ్ సలాం. ఆ నవ్విన గొంతు నీదేనా అప్పా? ఏం పనిమీద వచ్చినావు?"

"మీ ముందర తప్పు ఒప్పుకుందామని."

అప్పుడే చేలల్లోంచి వస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. సర్ఫరాజ్ వాళ్ళందరి ముందూ చెప్పాడు. మౌలా సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "మంచిది. ఇదే మాట రేడియోలో చెప్పు, అందరూ ఇంటికాడ ఉండేటప్పుడు," అన్నాడు.

కార్యక్రమం టైము సాయంత్రానికి మార్చమంటే హెన్రీ సార్ వారం రోజులు గింజుకున్నాడు. ఏడు గంటలకు సినిమా పాటలుంటాయన్నాడు, ఎవరు వింటారన్నాడు. "సార్, తరఫున కుదరదన్నది మనమే. సొంతంగా మాట్లాడే టైమన్నా ఇవ్వాలి కదా," అన్నాడు సర్ఫరాజ్. హెన్రీ సార్‌కు ఆ వరండా సంగతి గుర్తున్నట్టుంది. ‘ఊరి మాట’ సాయంత్రం ఏడుకు మారింది.

మొదటి రోజే ఫోన్ ఊపిరి తిప్పుకోనివ్వలేదు. సర్ఫరాజ్ ముందుగా క్షమాపణ చెప్పాడు. తర్వాత గిడ్డమ్మ తన గొంతుతో తనే మాట్లాడింది. ఆమె వెనక ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు, అందరిదీ ఒకే వీధి, ఒకే కుళాయి. వీటిని దొంగ ఫోన్లనడానికి పెద్దసారుకు నోరు రాలేదు. సోమవారం నుంచి పొద్దున ఆరుకు వదిలిస్తానని మైకులో ఒప్పుకున్నాడు. అందరూ మాట్లాడారు. షాహనా మాత్రం మాట్లాడలేదు.

సోమవారం ఆరున్నరకు, స్టేషన్ ఫోన్ మోగింది. పొద్దుటి డ్యూటీ సర్ఫరాజ్‌దే.

"నీళ్ళు వచ్చినాయి," అంది షాహనా. "ఎవురి బిందె వాళ్ళే పట్టుకుంటాండారు. నేను ఊరికే నిలబడి చూస్తాండా."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఫోన్‌లో కనపడదు కాబట్టి సరిపోయింది. "అయితే ఇంక పదకొండుకు ఏం చేస్తారు?"

"కుట్టుకుంటా. మీరు గురువారం పదకొండుకు ఏం చేస్తారు?"

"ఖాళీనే."

"ఖాళీగా కూచునే బదులు కోడుమూరుకు బస్సుండాది."

"ఏం పనిమీద వచ్చినావని మీ నాయన అడుగుతాడే."

"అడిగితే చెప్పండి. నోటి పనే కదా మీది," అని పెట్టేసింది.

గురువారం మౌలా సాహెబ్ అరుగు మీదే ఉన్నాడు. అడగనే అడిగాడు. మూడేళ్ళుగా మైకు ముందు తడబడని సర్ఫరాజ్ నాలుగు ముక్కలు చెప్పడానికి రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. "మీ అమ్మాయంటే నాకు ఇష్టం చాచా. పెళ్ళి చేసుకుంటాను. మీరు సరేనంటే బద్వేలు నుంచి మా అమ్మను పిల్చుకొస్తా."

"గట్టిగా చెప్పు నాయనా, నాకు ఇనపడలే," అంది మదార్ బీ జేజి. రెండోసారి వీధంతా వినపడేలా చెప్పాల్సి వచ్చింది. జేజి ముఖం విప్పారింది. "ఒప్పుకోరా మౌలా, దాని మనసులో మాట మనకు తెల్దా?"

"తెల్సినా నేను చెప్పనమ్మా," అన్నాడు మౌలా సాహెబ్ నిదానంగా. "వీధిలో అందరి కష్టం అది మాట్లాడితే, ఫోన్ ముట్టొద్దని నోరు మూయిస్తిని. నెల రోజులు ఇంట్లో మాట లేకుండా తిరిగింది. ఇంక దాని బదులు నేను మాట్లాడను. అదే చెప్పాల."

మిషన్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. షాహనా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముప్పై బిందెల తరఫున గడగడా మాట్లాడిన పిల్లకు, తన మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ఎండిపోయింది. తండ్రి తొందరపెట్టలేదు.

"నాకిష్టమే నాయనా," అంది చివరికి, తండ్రి ముఖంలోకే చూస్తూ.

మౌలా సాహెబ్ కండువాతో కళ్ళు ఒత్తుకుని సర్ఫరాజ్ వైపు తిరిగాడు. "వింటివి కదప్పా. పోయి మీ అమ్మను పిల్చుకొని రా."