రెండు నొక్కిన రాత్రి

"మీరు గడప దాటేదాకా మేం మీ వెంటే."

ఈ మాట మా అక్క ఆఫీసులో లిఫ్టు పక్క గోడ మీద మనిషెత్తు అక్షరాల్లో ఉండేది. ఆమె ఫోన్‌లో ఆ యాప్ తెరవగానే మొదట కనిపించేదీ అదే. యాప్ పేరు నేనిక్కడ రాయడం లేదు. రాయొద్దని లాయర్ అన్నాడు. పేరు చెబితే పరువు పోతుందట. ప్రాణం పోతే ఏమీ పోదు కాబోలు.

మా అక్క పేరు కృష్ణప్రియ. నా పేరు ఓంకార్. లా చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నీలమ్మ చందానగర్ మార్కెట్లో ఒక షాపుకి బ్లౌజులు కుడుతుంది. హఫీజ్‌పేట్‌లో స్టేషన్‌కి ఇవతల, కారు పట్టని గల్లీలో చివరి ఇల్లు మాది. ఆ ఇంటి కిరాయి, నా ఫీజు, అమ్మ షుగరు మందులు అన్నీ అక్క జీతం మీదే.

అక్కకి రోజూ చీకటి పడ్డాకే షిఫ్టు అయిపోయేది. అట్లాంటి ఆడపిల్లల్ని కంపెనీ క్యాబ్‌లో, ఒక గార్డుని వెంట ఇచ్చి ఇంటికి దించాలి. దిగే చోటు దగ్గర పడగానే యాప్ నుంచి ఫోన్ వస్తుంది. ఎప్పుడూ అలసిపోని ఒక ఆడగొంతు అడుగుతుంది.

"కృష్ణప్రియ గారూ, మీరు క్షేమంగా ఇల్లు చేరారా? చేరితే ఒకటి నొక్కండి. చేరకపోతే రెండు నొక్కండి."

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా క్యాబుల్లో తిరిగే ఏ ఆడపిల్లనైనా అడగండి. ఇల్లు చేరాక ఒకటి నొక్కేవాళ్లు ఎవరూ లేరు. క్యాబ్‌లో ఉండగానే నొక్కేస్తారు. నొక్కితేనే డ్రైవర్‌కి ట్రిప్ ముగుస్తుంది, ఇంకో ట్రిప్ పడుతుంది. నొక్కడం ఆలస్యమైతే ఆ ఫోన్ ఇంట్లోవాళ్లకు వెళ్తుంది, వాళ్లు పరేషాన్ అవుతారు. అందుకని డ్రైవర్ అడుగుతాడు, పిల్ల నొక్కుతుంది, కంపెనీ గ్రాఫ్ పచ్చగా పైకి పోతుంది. అందరూ కలిసి రోజూ చెప్పే చిన్న అబద్ధం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు భద్రత.

నేను అక్కతో ఎన్నోసార్లు గొడవపడ్డాను.

"నువ్వు యాడున్నవో రోజంతా వాళ్లకు తెలుస్తుంటది. మైకు తెరిచే ఉంటది. ఉత్తగ ఇస్తున్నరంటే సరుకు నువ్వే అన్నట్టు, ఎరుకేనా?"

"వచ్చిండమ్మా మా విప్లవం!" అంది ఒకసారి, పచ్చిపులుసుతో అన్నం కలుపుతూ. "సరుకునే పో ఓంకీ. సరుకునైతే జర పైలంగ దించుతరు."

అమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. డేటాయే కొత్త చమురు అని పెద్దపెద్ద సభల్లో చప్పట్లు కొట్టించుకుంటారు కదా. చమురు దేనిలోంచి పుడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఎప్పుడో చచ్చి, భూమి కింద మగ్గినవాటిలోంచి.

జులైలో ఆ రాత్రి వాన కుండపోత. పైపులకని గల్లీ మొదట్లో తవ్వి వదిలేశారు. క్యాబ్ ఎప్పటిలాగే గల్లీ మొదటి కమాను దగ్గర ఆగింది. వెంట వచ్చిన గార్డు బాలనర్సయ్య తర్వాత మా ఇంటి ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పాడు. "ఫోన్ వస్తే డ్రైవర్ 'జర నొక్కుర్రి మేడం' అన్నడు. నొక్కింది. నేను తోల్కపోత బిడ్డా అన్న. 'ఆ కనపడే లైటే మా ఇల్లు, మీరు తడుస్తరు, పోండి తాతా' అన్నది."

అక్కడి నుంచి మా ఇల్లు కనిపిస్తుంది. అమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. మోకాలి లోతు నీళ్లలో అక్క చేతిలో ఫోన్ లైటు ఊగుతూ రావడం చూసింది. చూస్తుండగానే ఆ లైటు పక్కకి ఎగిరిపడింది.

మ్యాన్‌హోల్ మీద మూత లేదు.

రెండో రోజు అక్క స్టేషన్ వెనక నాలాలో దొరికింది. ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు. ముఖం అమ్మకు చూపించలేదు. చూడొద్దని అందరూ పట్టుకున్నారు. గుడ్డలో చుట్టి తెచ్చి, గుడ్డలోనే తీసుకెళ్లారు. ఫోన్ మాత్రం ఆ పక్కనున్న చాయ్ బండి మీద, పరదా కింద పడి ఉంది. పొడిగా. గీత కూడా పడలేదు.

నేను రాశాను. కంపెనీకి రాశాను, యాప్ వాళ్లకు రాశాను. న్యాయం ఆలస్యమైతే అన్యాయమేనని రాశాను, మనుషులు అంకెలు కారని రాశాను. యాప్ వాళ్ల జవాబు ఇది: "మా రికార్డుల ప్రకారం యూజర్ తాను క్షేమంగా ఇల్లు చేరినట్లు స్వయంగా ధ్రువీకరించారు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం."

చేరిందట. మా అక్క ఇల్లు చేరిందట.

అయితే ఆమె ఖాతా చెరిపేయండి, ఆమె గొంతు, ఆమె తిరిగిన దారులు మీ దగ్గర ఉండటానికి వీల్లేదు అని రాశాను. "ఖాతా తొలగింపునకు యూజర్ స్వయంగా కెమెరా ముందు ముఖం చూపి ధ్రువీకరించాలి" అన్నారు. ఆమె చనిపోయింది అని రాశాను. అదే వాక్యం మళ్లీ వచ్చింది. చనిపోయింది, చనిపోయింది, చనిపోయింది అని రాశాను. మళ్లీ అదే.

కర్మలన్నీ అయిపోయిన సాయంత్రం, అన్నాల వేళకి, అక్క ఫోన్ మోగింది.

"కృష్ణప్రియ గారూ, మీరు క్షేమంగా ఇల్లు చేరారా?"

ఎత్తింది నేనే. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోన్ తీసుకుని, ఒకటి నొక్కింది. "ధన్యవాదాలు. శుభరాత్రి" అంది గొంతు. అమ్మ ఫోన్‌ని కళ్లకద్దుకుని అరలో పెట్టింది.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ అదే. అడిగితే, "మా వైపు నుంచి ఏ ఫోనూ వెళ్లడం లేదు, ఆ ఖాతాకి ట్రిప్పులే లేవు" అని యాప్ వాళ్లు రాశారు. ఫోన్ మాత్రం వస్తూనే ఉంది. అమ్మ ఎక్కడున్నా ఆ వేళకి ఇంట్లో ఉండేది. ఫోన్‌కి చార్జింగ్ తగ్గనిచ్చేది కాదు. ఒకటి నొక్కాకే అన్నం తినేది.

"ఎందుకమ్మా గిట్ల?" అన్నాను.

"దాని పేరు పెట్టి పిలిచేటోళ్లు ఇంకెవ్వరున్నరు బిడ్డా? నేను నొక్కితే అది ఇంట్లకు వచ్చినట్టే. నొక్కని రోజు బయట్నే ఉంటది, ఆ నీళ్లల్ల."

నాకు అది భరించరాని అవమానంగా తోచింది. మా అక్కను చంపిన అబద్ధాన్ని రోజూ మా అమ్మ చేతనే చెప్పిస్తున్నారు. పైగా నాకు ఒక సాక్ష్యం కావాలి. 'చేరలేదు' అని వాళ్ల రికార్డులోనే, వాళ్ల యంత్రంతోనే రాయించాలి. ఒక్కసారి రెండు నొక్కితే చాలు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం. వాన లేదు. కరెంటు పోయింది. పక్కింటి ఇన్వర్టర్ సన్నగా గుయ్యిమంటోంది. పొయ్యి మీద చారు పోపు వాసన. అమ్మ కొవ్వొత్తి కోసం తడుముకుంటోంది. ఫోన్ మోగింది. నేను అరలోంచి తీసుకుని స్పీకర్ పెట్టాను.

"కృష్ణప్రియ గారూ, మీరు క్షేమంగా..."

"ఓంకారూ!" అమ్మ చీకట్లోనే నావైపు వచ్చింది. "ఇటియ్యిరా. నీ కాల్మొక్త, రెండు నొక్కకు. ఇన్నొద్దులు దాన్ని ఇంట్ల వెట్టుకున్న..."

నేను రెండు నొక్కాను.

ఎప్పుడూ అలసిపోని ఆ గొంతు కొంచెం ఆగింది. తర్వాత అంది:

"మీరు ఇంకా చేరలేదని నమోదు చేశాం. లైన్‌లో ఉండండి. మేం మీ వెంటే."

పోపు వాసన పోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. తడి సిమెంటు. మురుగు. నిలవనీళ్లలో నానిన గుడ్డ... ఫోన్‌లోంచి సన్నగా ఒక చప్పుడు. ఏదో గరగర అనుకున్నాను. కాదు. వాన. ఎక్కడో కుండపోతగా వాన. కిటికీలోంచి చూశాను. బయట పొడి నేల. ఆకాశంలో చుక్కలు.

వానలో నడక. నీళ్లు కోసుకుంటూ ఒక్కో అడుగూ. ఒక అడుగు చెప్పుతో. ఒక అడుగు ఉత్తి కాలితో...

ఆగింది.

"ఓంకీ..."

గుసగుస. నోట్లో నీళ్లున్నట్టు.

"ఓంకీ... మూత లేదిక్కడ... అమ్మను రానియ్యకు..."

నా చేతిలోంచి ఫోన్ జారి మంచం మీద పడింది. నా వెనక వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. అమ్మ అప్పటికే గల్లీలో ఉంది. ఉత్తి కాళ్లతో, ఆ చీకట్లో, ఈ మధ్య పది అడుగులు వేస్తే ఆయాసపడే మా అమ్మ... పరుగు.

"అమ్మా! ఆగే అమ్మా!"

కమాను దగ్గర అందుకున్నాను. మ్యాన్‌హోల్ మీద ఇప్పుడు మూత ఉంది. అక్క పోయిన వారానికి వేశారు, కొత్త సిమెంటుది. అమ్మ దాని మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ ఆనించి, చెవి పెట్టి వింటోంది. నేనూ పక్కన వంగి విన్నాను. కింద నీళ్ల చప్పుడు కూడా లేదు.

చాలాసేపటికి అమ్మ లేచింది.

"లేదు బిడ్డా. ఈడ లేదు."

"ఇంటికి పోదాం పా అమ్మా."

"అదెప్పుడో వోయింది," అంది. వేలితో చూపించింది.

పక్కింటి ఇన్వర్టర్ లైటు వెలుగు గల్లీ మీద పలచగా పడుతోంది. పొడి నేల మీద తడి. మూత దగ్గర మొదలై మా ఇంటివైపు పోతోంది. ఒకటి చెప్పు అచ్చు. ఒకటి పాదం. అమ్మ వాటి పక్కనే నడిచింది. ఒక్కటి కూడా తొక్కలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. చారు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది. మంచం మీద నేను పడేసిన ఫోన్ అక్కడ లేదు. అరలో ఉంది. అద్దం చూసుకునేవాళ్లు పెట్టుకున్నట్టు, ముఖం ఎత్తున, మంచినీళ్ల సీసాకి ఆనించి నిలబెట్టి ఉంది. తెర వెలుగుతోంది. దాని మీద ఒక్క మాట.

"ధన్యవాదాలు."

తెర తడిగా ఉంది. తుడుద్దామని చెయ్యి చాపాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

మర్నాటి నుంచి ఫోన్ రావడం ఆగిపోయింది. ఆ వేళకి అమ్మ రోజూ అర ముందు కూర్చుంటుంది. నాతో మాట్లాడదు. తిట్టినా బాగుండేది. అక్క కంచం కూడా పెట్టి, చల్లారేదాకా చూసి, తీసేస్తుంది. నాకు సాక్ష్యం కావాలి అన్నాను కదా. తీరా అక్క ఫోన్‌లో యాప్ తెరిచి చూస్తే రికార్డులో రెండు లేదు. ఆ రాత్రి పేజీలో ఉన్నది ఇంతే: 'ఇల్లు చేరారు. ధ్రువీకరించినది: యూజర్.'

మొన్న యాప్ వాళ్ల నుంచి ఈమెయిల్ వచ్చింది. నేను నెలల తరబడి అడుక్కున్న జవాబు.

"మీ అభ్యర్థన ఆమోదించబడింది. యూజర్ కెమెరా ముందు తన ముఖాన్ని చూపి ధ్రువీకరించారు. సరిపోల్చడం విజయవంతం. స్థలం: యూజర్ ఇల్లు. నవంబర్ పద్నాలుగున ఈ ఖాతాలోని ఫొటోలు, గొంతు, ప్రయాణాలు సమస్తం శాశ్వతంగా తొలగించబడతాయి."

ముఖం చూపిన తేదీ, టైము కింద రాసి ఉన్నాయి, చూశాను. ఆ రాత్రే. మేమిద్దరం కమాను దగ్గర, మూత మీద ఉన్న సమయం.

అమ్మకు చదివి వినిపించాను. దాచే హక్కు నాకు లేదు. ఆమె విన్నది. చాలా రోజుల తర్వాత నావైపు చూసింది.

"ముఖం జూపిందా?"

"అట్లనే రాసిండ్రు."

"ఫొటో దీసిండ్రా?"

"తీసే ఉంటరు."

గుడ్డలో చుట్టి తెచ్చిన రోజు ఎవరూ చూడనివ్వని ఆ తల్లి, చిన్నపిల్లలా అడిగింది.

"ఎట్లున్నదంట బిడ్డా? తడిసినట్టున్నదా?"

అయ్యా, మీ ఈమెయిల్‌కి ఇదే నా జవాబు. ఇన్నాళ్లూ చెరపమన్నవాణ్ని నేనే. ఇప్పుడు చెరపొద్దంటున్నదీ నేనే. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. గోప్యత మా హక్కు అన్నాను, ఇప్పటికీ అంటాను. కానీ మా అమ్మకు ఇవ్వాల్సిన ముఖం ఒకటి మీ దగ్గర ఉంది. నేను కేసు వేయను. నష్టపరిహారం అడగను. గడప దాటేదాకా వెంటే ఉంటామన్నారు. ఆ రాత్రి మా గడప దాటి వచ్చినదాన్ని మీ కెమెరా చూసింది. మేం చూడలేదు.

ఆ ఫొటో పంపండి. ఎట్లా ఉన్నా పంపండి. వెనక ఏం కనిపిస్తున్నా పంపండి.

నవంబర్ పదమూడు, అన్నాల వేళ లోపు.