అడిగి నడిచిన దారి

నాగేంద్రబాబు చేతికి జీవితంలో మొట్టమొదటి నోటీసు ఇచ్చిన మనిషి బ్లెస్సీ. ఇచ్చేటప్పుడు ఆమె మొహంలో నవ్వన్నది లేదు. తీసుకునేటప్పుడు అతని మొహంలో నవ్వు తప్ప ఇంకేమీ లేదు. పద్నాలుగేళ్ళుగా దూరం నుంచి చూస్తున్న పిల్ల తనంతట తాను గుమ్మంలోకి వస్తే, చేతిలో ఏం పట్టుకొచ్చిందన్నది ఎవడిక్కావాలి?

"ధర్మారావు గారున్నారా?"

"నాన్న పలాస ఎల్లినారు. ఏటి పని?"

"నోటీసు. తీసుకుని ఇక్కడ సంతకం పెట్టు."

"ముందు కూకో. మంచినీళ్ళు తాగు. ఇంత ఎండలో ఒచ్చినావు."

"ఎండలో ఎందుకొచ్చేనో తెలుసా? మీ తోటలోంచి పది నిమిషాల దారి. ఇసకలో పడి మైలున్నర తిరిగొచ్చేను. మీ నాన్న కంచె ఏసీసినాడు కదా!"

నాగేంద్ర మొహంలోని నవ్వు ఎటుపోయిందో పోయింది. సంతకం పెట్టాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సీమలో, అక్కుపల్లికి కాస్త ఇవతల, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉంది ఆ ఊరు. రోడ్డుకీ, క్రైస్తవుల పేటకీ మధ్య ధర్మారావు జీడితోట. పేటవాళ్ళు రోడ్డెక్కాలంటే ఆ తోటలోని కాలిబాటే దగ్గర దారి. అటు బస్సులూ ఆటోలూ, ఇటు ఇసక. బ్లెస్సీ తండ్రి అబ్రహాముకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. కంచె పడిన దగ్గర్నుంచి ఆయన మైలున్నర ఇసకలో నడుస్తున్నాడు, నాలుగు చోట్ల కూర్చుంటూ, రెండు చోట్ల కూతురి భుజం మీద వాలుతూ.

బ్లెస్సీ టెక్కలి కోర్టులో పారా లీగల్ వాలంటీరు. ఏ అర్జీ ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్ళ పక్కన కూర్చుని రాసిపెట్టడం ఆమె పని. ఊళ్ళో సగంమందికి అర్జీలు రాసిన పిల్ల ఇప్పుడు తన తండ్రి పేరు మీద రాసుకుంది. కేసు కాదు. లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని పిలుపు, అంతే.

ఇంతకీ ధర్మారావు చెడ్డవాడేం కాదు. ఆయనకి వచ్చిన జబ్బు సగం తెలిసిన చట్టం. పలాస స్టేషను దగ్గర టీకొట్లో కూర్మనాథం అనే ప్లీడరు గుమస్తా ఆయన చెవిలో ఓ మాట వేశాడు. "ఇరవయ్యేళ్ళు నడిసినోళ్ళకి హక్కొచ్చీత్తాది బావా. రేపు నీ తోట నీది కాదు, సూసుకో!" అంతే. మర్నాడే రాతిస్తంభాలు, ముళ్ళతీగ.

* * *

నాలుగో రోజు వాన. ఉద్దానంలో వాన పడితే ముందు జీడాకు వాసన వస్తుంది, తర్వాత మిగతా ప్రపంచం గుర్తొస్తుంది. నాగేంద్ర కంచె దగ్గర బండి ఆపుకుని నిలబడ్డాడు. అవతల ఓ చువ్వ విరిగిన నీలం గొడుగు కింద తండ్రీకూతుళ్ళు మెల్లగా నడిచొస్తున్నారు.

"బ్లెస్సీ! ఆగు. ఈ తీగ పైకెత్తుతాను, ఇటొచ్చీండి. నాన్నతో నాను సెప్పుకుంటాను."

"వద్దు."

"తడిసిపోతన్నారు!"

"తడిస్తే ఆరతాం. నువ్వు తీగ ఎత్తితే అది అనుమతి. మాకు అనుమతి వద్దు, హక్కు కావాలి."

"వానలో కూడా చట్టమేనా?"

"చట్టానికి గొడుగక్కర్లేదు."

అబ్రహాము మాత్రం నీరసంగా నవ్వాడు. "ఓలమ్మా, నీ హక్కులు నువ్వుంచుకో. బాబూ, నువ్వు బండి సుట్టూ తిప్పి తీసుకురా. నానెక్కుతాను. నా కాళ్ళకి చట్టం తెలీదు."

నాగేంద్ర ఇసకలో జారుతూ పడుతూ బండి తెచ్చి ఆయన్ని రోడ్డెక్కించాడు. ఆటో వచ్చేదాకా ముగ్గురూ బస్ షెల్టరులో ఆగారు. అబ్రహాము బల్లమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. బ్లెస్సీ కాస్త మెత్తబడింది. గొంతు తగ్గించి అంది.

"మీ నాన్నకి ఎవరో సగమే చెప్పేరు. హక్కొచ్చినా నడవడానికే. నేల మీ సొంతమే, చెట్లు మీవే, జీడిపిక్కలు మీవే."

"మరి ఇరవయ్యేళ్ళు నడిస్తే చాలా?"

"అందరూ చూస్తండగా, ఎవరూ ఆపకండా, ఎవర్నీ అడక్కండా నడవాలి. అప్పుడే హక్కు."

ఆ "అడక్కండా" అన్న మాట దగ్గర నాగేంద్రకి ఏదో తగిలింది. అబ్రహాము తల్లి జీవరత్నమ్మ ఏటా కొత్త సంవత్సరం ఆరాధన అయిన మర్నాడు వాళ్ళ గుమ్మంలోకి వస్తుంది. కేకు ముక్కల గిన్నె అరుగు మీద పెట్టి, "బాబూ, ఈ ఏడు కూడా మీ తోటలోంచి నడుత్తాం" అంటుంది. "అడగాలేటమ్మా, నడవండి" అంటాడు తన తండ్రి. అంతకుముందు తాత కూడా అదే మాట అనేవాడట.

"బ్లెస్సీ, మీ మామ్మ ఏటా మా ఇంటికొచ్చి..."

"తెలుసు," అంది ఆమె, చూపు రోడ్డు మీదికి తిప్పి. "ఆ సంగతి అదాలత్‌లో ఎవరూ ఎత్తకపోతే చాలు."

"ఎత్తొద్దని మామ్మకి సెప్పినావా?"

"మామ్మకి అబద్ధం నేర్పమంటావా? నా వల్ల కాదు."

ఆటో వచ్చింది. తండ్రిని ఎక్కించి ఆమె ఒక్క క్షణం వెనక్కి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ధైర్యంగా నోటీసులిచ్చే పిల్ల అలా భయపడటం నాగేంద్ర ఎన్నడూ చూళ్ళేదు.

ఇంటికెళ్ళి తండ్రికి చెప్పాడు. నేల మనదే ఉంటుంది నాన్నా అన్నాడు, బతిమాలాడు. అడిగి నడిస్తే హక్కు రాదన్న సంగతి ఒక్కటి మాత్రం మింగేశాడు.

"నీకేం తెలుసురా?" అన్నాడు ధర్మారావు. "అక్కడ అడిగితే ఎవరూ నడవలేదని సెప్పు. సాలు."

* * *

శనివారం టెక్కలి కోర్టు ఆవరణలో తిరణాలంత జనం. జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. పెద్దక్కలా మాట్లాడుతోంది.

"అక్కడ దారుందా ధర్మారావు గారూ?"

"దారేటండి! అప్పుడప్పుడూ మేకలు ఎల్తాయి."

బ్లెస్సీ పెదవి కొరుక్కుంది. జడ్జిగారు ఆయన పక్కనున్న నాగేంద్ర వైపు తిరిగింది.

"మీరు కొడుకా? మీరు చెప్పండి. ఎవరైనా నడిచారా?"

నాగేంద్ర తండ్రిని చూశాడు. తండ్రి చేతులు తన చేతుల్లాంటివే, ఆ జీడిసొన మచ్చలు ఈ జన్మకి పోవు. ఆ చేతులంటే అతనికి ప్రాణం. అటు చూస్తే అబ్రహాము కుర్చీలో ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

"నడిచేరండి," అన్నాడు. "రోజూ."

"ఎన్నేళ్ళుగా?"

"నాకు తెలిసి నా ఏడో తరగతి నుంచి. ఈ అమ్మాయి పొద్దున్న ఏడుంబావుకి ఎల్తాదండి, సాయంత్రం అయిదున్నరకి ఒత్తాది. తిత్లీ తుపాను మర్నాడు చెట్లన్నీ పడిపోతే, చెప్పులు చేత్తో పట్టుకుని వాటిమీంచి ఎక్కి దిగి ఎల్లింది. నీలం గొడుగు. దానికో చువ్వ నిరుడు విరిగింది."

జడ్జిగారి పక్కన కూర్చున్న అదాలత్ మెంబరు కలం ఆపి తలెత్తాడు.

"ఇంత గుర్తుందే!" అంది జడ్జిగారు. "రోజూ అక్కడేం చేసేవారు?"

"జీడిపిక్కలు కాపలా కాసేవోణ్ణండి."

"మాది పక్క మండలమే. జీడిపిక్కలు ఏడాది పొడుగునా ఉంటాయా?"

నాగేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడనని అనుకుని వచ్చాడు మరి.

"లేదండి. మార్చి నుంచి మే దాకానేనండి."

గది గొల్లుమంది. నవ్వనివాళ్ళు ఇద్దరే. ధర్మారావు కొడుకుని కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నాడు. బ్లెస్సీ ఒళ్ళోని ఫైలు వైపు తల దించుకుంది, అందులో ఉన్నవి తెల్లకాగితాలే అయినా.

నవ్వులు సద్దుమణిగాక జడ్జిగారు అబ్రహాము పక్కన కూర్చున్న జీవరత్నమ్మని అడిగింది. "మామ్మా, నడిచేటప్పుడు ఎవర్నైనా అడిగేవారా?"

బ్లెస్సీ కళ్ళు మూసుకుంది.

"అడక్కండా ఎలాగమ్మా?" అంది జీవరత్నమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఒకలి తోటలోకి సెప్పకండా ఎల్తామేటి? మా అత్త అడిగింది, నానడిగేను. ఏటేటా కేకు పట్టుకెల్లి అడిగేను. ఈ బాబు ఏనాడూ కాదన్లేదు. మంచి బాబు. ఈ ఏడే ఏటైనాదో."

జడ్జిగారు కళ్ళజోడు తీసింది. "మామ్మా, అడిగి నడిస్తే చట్టంలో దాన్ని హక్కు అనరు, అనుమతి అంటారు. ఇచ్చినాయన ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ధర్మారావు గారూ, ఉన్నమాట చెప్పుంటే మీ పక్షమే గట్టిగా ఉండేది. ఇక్కడ నేను తీర్పు చెప్పను. మీరిద్దరూ ఒప్పుకుంటేనే రాస్తాను. లేదంటే ఎవరిళ్ళకి వాళ్ళు."

ధర్మారావు జీవరత్నమ్మ వైపు తిరిగాడు. తను గెలిచాడు. తన అబద్ధం వల్ల కాదు, ఆ ముసలమ్మ నిజం వల్ల గెలిచాడు. ఆయన మెడలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రాయండమ్మా. నాలుగడుగుల దారి. ఈల్ల పేటోళ్ళు ఎప్పుడైనా నడవొచ్చని రాయండి. మళ్ళీ నా బుర్ర తిరిగినా సెల్లీలాగ రాయండి."

"నేల మీ సొంతమేనని కూడా రాస్తాను," అంది జడ్జిగారు నవ్వుతూ. "ఇది కోర్టు డిక్రీతో సమానం."

* * *

బయట చెరుకురసం బండి దగ్గర బ్లెస్సీ అతన్ని నిలేసింది.

"మార్చి నుంచి మే దాకా పిక్కలు కాసేవు. మిగతా తొమ్మిది నెలలూ ఏం కాసినావు?"

"నిన్నే," అన్నాడు నాగేంద్ర. "నువ్వంటే నాకిష్టం బ్లెస్సీ. ఎప్పుడూ సెప్పలేదు. ఇప్పుడు టెక్కలి కోర్టంతటికీ తెలిసిపోనాది, ఇంక దాసేదేటుంది?"

ఆమె గ్లాసులో ఐసుముక్కని తిప్పింది.

"ఆ దారి పది నిమిషాలే. నాకెప్పుడూ పావుగంట పట్టేది. ఎందుకో నువ్వే ఆలోచించుకో."

అతనికి అర్థమవడానికి అర నిమిషం పట్టింది.

"మనలాగ రెండు మతాలోళ్ళకి వేరే పెళ్ళి చట్టం ఉంది," అంది ఆమె, సిగ్గుని చట్టం వెనక దాచుకుంటూ. "ఇద్దరం కలిసి నోటీసివ్వాలి, ముప్ఫై రోజులాగాలి."

"ఈసారి సంతకం పక్కపక్కన పెడదాం."

"ఆగు. దానికన్నా ముందు మా మామ్మ చట్టం ఒకటుంది. అడిగి నడవాలి. మీ నాన్న మా ఇంటికొచ్చి అడగాలి."

నాగేంద్ర ఆ మాట చెప్పినరోజు ధర్మారావు అన్నం తినలేదు. పది రోజులు కొడుకుతో మాట్లాడలేదు. పదకొండోనాడు ఆదివారం. మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఉతికిన చొక్కా వేసుకుని, "పదరా," అన్నాడు.

తన తోటలో తను వేయించుకున్న కంచె, అందులో నాలుగడుగుల ఖాళీ. యాభై ఏడేళ్ళలో ఆయన ఆ బాటని చివరిదాకా నడవడం అదే మొదటిసారి. సన్నగా తుంపర మొదలైంది. అబ్రహాము ఇంటి దడి దగ్గర ఆయన ఆగిపోయాడు. వెనక నాగేంద్ర కూడా ఆగాడు.

అరుగు మీద జీవరత్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. గుమ్మంలో బ్లెస్సీ నిలబడిపోయింది.

ధర్మారావు గొంతు సవరించుకున్నాడు. చేతిలో గిన్నె ఉంది. నాగేంద్ర తల్లి గౌరీశ్వరి పొద్దున్నే వండిన పాకం గారెలు.

"అమ్మా," అన్నాడు. "ఈ ఏటి నుంచి మేం కూడా మీ ఇంటికి నడవొచ్చా?"

జీవరత్నమ్మ చేట పక్కన పెట్టి లేచింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అడగాలేటి బాబూ," అంది. "రా."