చీజ్ ముక్క మీద కుళ్ళు

ఒక్క వైన్ చుక్క నాలుక మీద వేసుకుని ఆ సీసా వయసెంతో, దాని మూత బిగించినవాడిది ఎడమచేతివాటమో కాదో చెప్పగల మొనగాడు భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. మన ఏజెంటు. ఆరడుగుల మనిషి, కళ్ళు తిప్పుకోలేని అందం.

"రేపు మధ్యాహ్నం వైన్ టేస్టింగ్," అన్నాడు చీఫ్. "మన రాకెట్ సైంటిస్టుని విదేశీ ముఠా విషం పెట్టి లేపేయబోతోంది. ఏ సీసాలో కలిపారో తెలీదు. ఆయన అన్నీ రుచి చూసి బకెట్లో ఉమ్మేస్తారు. బాగా నచ్చిందే మింగుతారు."

"లోపల మనవాళ్ళెవరు సార్?"

"నెమలి."

ఏజెంటు కాలరు సర్దుకున్నాడు. నెమలి డబుల్ ఏజెంట్. ముఠాలో తిరుగుతూ మనకు పనిచేసే అందగత్తె. ఆమె కళ్ళలో పడాలని ఇతగాడు మూడేళ్ళుగా కొత్త షర్టులు తొడుగుతున్నాడు. ఆమె ఒక్కదాన్నీ చూడలేదు.

"ప్రతి గ్లాసుకీ ముందు సైంటిస్టుకి ఉప్పటి చీజ్ తినిపించమని ముఠా ఆమెకి చెప్పిందట. ఎందుకో ఆమెకీ తెలీదు. ఇదిగో ఉంగరం. విషం దగ్గరికొస్తే ఎర్రబడుతుంది. వెళ్ళు."

మర్నాడు పొడుగాటి టేబులు, తెల్లగుడ్డ, వరసగా గ్లాసులు. పెట్టుడు మీసంతో సర్వర్ వేషంలో నిలబడ్డాడు ఏజెంటు. పాపం, పొద్దున్నుంచీ జలుబు. ఇందాక నేను పొగిడిన నాలుకకి ఆవేళ వైనూ ఒకటే, దగ్గుమందూ ఒకటే.

నెమలి చీజ్ ముక్క తుంచి సైంటిస్టు నోటికే అందించింది.

"అమ్మాయ్, నీ చేత్తో పెడితే ఎంత ఉప్పటిదైనా వెన్నలా దిగుతోందే!" అన్నాడు ముసలాయన.

"అయితే ఇంకోటి తినండి," అంటూ నవ్వింది.

నెరిసిన జుట్టుకి నవ్వులు, కొత్త షర్టులకి రాతిముఖమా! ఏజెంటు చేతిలోని ట్రేని టేబులు మీద దభీమని పెట్టాడు. వేలి ఉంగరం అప్పటికే ఎర్రబడింది. చూసే తీరికేదీ? చూపంతా ఆమె వేళ్ళ మీదే.

"చీజ్ అయిపోయిందండీ!" నిండుగా ఉన్న ప్లేటు లాగేసి, తీపి కేకు ఠక్కున పెట్టాడు. "ఇది ఎవరికి వాళ్ళే తినొచ్చు."

నెమలి గుడ్లురిమింది. వైన్ పోస్తున్న ముఠా నాయకుడు సీసా దించి ఆ కేకు వైపు చూశాడు. సైంటిస్టు కేకు నమిలి, గ్లాసెత్తి, వైన్ పుక్కిట పట్టాడు.

"థూ! ఒట్టి చేదు!"

బకెట్ మోగింది. ఉప్పు విషంలోని చేదుని జోకొడుతుంది, తీపి దాన్ని తట్టి లేపుతుంది. ముఠా చీజ్‌ని నమ్ముకున్నది అందుకే. నాయకుడు కిటికీ వైపు దూకేలోపే నెమలి అందుకున్న సీసా వాడి నెత్తిన పగిలింది.

"చీజ్ తీసేయాలని ఎలా తట్టిందయ్యా?" అడిగాడు చీఫ్.

"అనుభవం సార్."

"అనుభవమా, కుళ్ళా?" అంది నెమలి, అతని చెవిలో.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను. ఆరడుగుల అందం ఒక్కటే నా కల్పన. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఇది చదివి నెమలి మా వంటింట్లో పడీపడీ నవ్వుతోంది. చీజ్ మాత్రం ఇప్పటికీ ప్లేటులో పెట్టి నా ముందుకి తోస్తుంది, నోటికందించదు.