జానెడు గొంగడి

కంబళగిరి రాజ్యపు సంపదంతా కొండవాలుల మీద మేస్తూ ఉండేది. ఎటు చూసినా గొర్రెల మందలే. ఆ మందలను కాసే కురుమలకు మందకుక్కలే కుడిభుజం. తోడేలు వాసన తగిలితే చాలు, అవి గొర్రెలన్నిటినీ ఒకచోటికి తోలి, చుట్టూ తిరుగుతూ కాపు కాసేవి. చెదిరినవాటిని చేర్చడం, చేర్చినవాటిని కాయడం, ఈ రెండే వాటికి తెలిసిన పనులు.

ఈపాటి సంగతి ఆ దేశపు రాజు శూరభూపతికి తెలియకపోయింది. ఒకసారి పొరుగు రాజులు విందుకు వచ్చారు. వాళ్ళ ముందు గొప్పగా వేటాడి చూపాలని రాజు మందకుక్కలన్నిటినీ పట్టి తెప్పించి, కొమ్ము ఊది అడవిలోకి ఉసిగొల్పాడు. కాసేపటికి వెళ్ళి చూస్తే ఏముంది? కుక్కలు జింకలన్నిటినీ ఒక పచ్చికలోకి తోలి, రాజుగారి బాణాలకు అడ్డంగా నిలబడి కాస్తున్నాయి. ఒక ముసలికుక్క అయితే రాజుగారి గుర్రాన్ని కూడా ఆ మందలో కలపబోయింది. పొరుగు రాజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. శూరభూపతికి తల కొట్టేసినట్టయింది. ఆ పనికిమాలిన కుక్కలు తన రాజ్యంలో ఉండటానికి వీల్లేదని, వాటిని కరకుకొండ అడవుల్లోకి తరిమేయించాడు.

కోపం ఒక్కపూటలో చల్లారింది కాని దాని ఫలితం చల్లారలేదు. తోడేళ్ళకు అడ్డు లేకుండా పోయింది. మందలు పలచబడ్డాయి. చలికాలం వస్తే కప్పుకోవడానికి గొంగళ్ళు లేవు, పిల్లలకు పాలు లేవు. రాజు నాలుక కరుచుకుని కుక్కల కోసం భటులను పంపాడు. వాళ్ళు వట్టి చేతులతో తిరిగి వచ్చారు.

"మహారాజా, గండశిలుడనే రాక్షసుడు వాటినన్నిటినీ రాళ్ళుగా మార్చేశాడు" అన్నారు.

కుక్కలను విడిపించినవారు ఏది కోరితే అది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. వీరులు కత్తులు పట్టుకుని వెళ్ళారు. రాతిని కత్తి ఏం చేస్తుంది? మొండి కత్తులతో తిరిగి వచ్చారు.

ఆ చాటింపు విన్నవాళ్ళలో బీరవ్వ ఒకతె. గొంగళ్ళు నేసే మల్లయ్య మనవరాలు. అమ్మానాన్నలు లేరు. ఉన్న మంద కాస్తా తోడేళ్ళ పాలయ్యాక ఆ ఇంట్లో మిగిలింది తాత, మగ్గం, అటక మీద పాత ఉన్ని మూటలు.

"తాతా, నేను పోయొస్త" అంది బీరవ్వ.

"కత్తులు పట్టుకపోయినోళ్లే ఉత్త చేతులతోని మర్లొచ్చిండ్రు. నువ్వేం పట్టుకపోతవ్ బిడ్డా?"

"గొంగడి పట్టుకపోత. చలికన్న పనికొస్తది."

మల్లయ్య వద్దనలేదు. ఆ పిల్ల ఒకసారి అన్నదంటే వెనక్కి తగ్గదని ఆయనకు తెలుసు. కొత్తగా నేసిన నల్ల గొంగడి భుజాన వేసి, జొన్నరొట్టెలు మూటకట్టి పంపాడు.

అడవిలో చాలా దూరం నడిచాక, ఒక సెలయేటి పక్కన ఒక ముని చలికి గజగజ వణుకుతూ కనిపించాడు. బీరవ్వ గొంగడి విప్పి ఆయన పక్కన కూర్చుంది.

"నీకూ చలే కదా అమ్మాయీ. దీన్ని రెండుగా కోసి సగం నాకిచ్చి, నీ దారిన నువ్వు పో" అన్నాడు ముని.

"గొంగడి కోస్తే పోగులన్ని ఊడిపోతయ్ సామీ. ఇటు నీకూ కాదు, అటు నాకూ కాదు. ఇద్దరం కలిసే కప్పుకుందాం."

ముని ఆమెవంక తేరిపార చూశాడు. చలి తగ్గాక అన్నాడు: "ఆ మాట మరిచిపోకు. నువ్వు దేనికి వచ్చావో నాకు తెలుసు. ఆ రాళ్ళ మీద ఈ గొంగడి కప్పు. ఉన్ని వాసన తగిలితే అవి లేస్తాయి. లేపడం తేలికే. కష్టమంతా ఆ తర్వాతే."

మాట మరవడానికేముంది, తను పుట్టినప్పటి నుంచీ మగ్గం పక్కన వింటున్న మాటే కదా అనుకుంది బీరవ్వ. ఆ మాటే ముందుముందు తనను ఏడిపిస్తుందని ఆ క్షణాన ఆమెకు తోచలేదు.

కరకుకొండ శిఖరం మీద నిలబడ్డవి నిలబడ్డట్టే, కూర్చున్నవి కూర్చున్నట్టే కుక్కలన్నీ రాళ్ళయి ఉన్నాయి. వాటి మధ్య గండశిలుడు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఎవత్తెవే నువ్వు? ఈ కుక్కల గోల మళ్ళీ తెచ్చావా?" అని గద్దించాడు.

బీరవ్వ భుజాన గొంగడి సర్దుకుంది. బింకంగా అడిగింది. "అవి నిన్నేం జేసినయ్?"

"ఏం చేశాయా? నా కొండ మీద మేఘాలు వాటి మానాన అవి తిరుగుతుంటాయి. ఈ కుక్కలు వాటిని చూసి గొర్రెలనుకున్నాయి. అన్నిటినీ తోలుకొచ్చి నా గుహ మీద మందవేశాయి. ఒక్కదాన్ని కదలనివ్వలేదు. వాన, వాన, ఒకటే వాన. ఒక వానాకాలమంతా కంటిమీద కునుకు లేదు నాకు."

బీరవ్వకు నవ్వాగలేదు. రాక్షసుడు కూడా కాస్త మెత్తబడ్డాడు. మొండి కత్తులవాళ్ళెవరూ అతని బాధ అడిగిన పాపాన పోలేదు మరి.

"తీసుకుపో" అన్నాడు. "కాని ఒక షరతు. మళ్ళీ మేఘాలు నా కొండెక్కేలోగా ప్రతి కుక్కకూ ఒక మంద, ఒక ఇల్లు, నా మనిషి అని అది అనుకునే మనిషి ఉండాలి. ఏ కుక్క మనసు రెండు చోట్ల కొట్టుకుంటుందో, అది నిలబడ్డచోటే మళ్ళీ రాయి అవుతుంది. ఇక అప్పుడు నన్ను బతిమాలినా లాభం లేదు."

బీరవ్వ గొంగడి కప్పుతూ పోయింది. ఒక్కొక్క రాయే వెచ్చబడి, ఒళ్ళు విదిలించుకుని లేచి, ఆమె వెంట నడిచింది.

అలా మల్లయ్య ఇంటి వెనక ఖాళీ దొడ్డి కుక్కలతో నిండిపోయింది. వాటిని మచ్చిక చేసేసరికి తాతా మనవరాళ్ళ తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటి ముద్ద ముట్టదు. ఒకటి కర్ర చూస్తే మగ్గం కిందికి దూరుతుంది. ఇంకొకటి వీధిలో ఆడుకునే పిల్లలందరినీ తోలుకొచ్చి దొడ్డిలో పెడుతుంది. రాజుగారి గుర్రాన్ని తోలబోయిన ముసలికుక్క, ఎక్కడ కొమ్ము ఊదినా మూలకు ముడుచుకుని వణికిపోతుంది. బీరవ్వ వాటి మధ్యే తిన్నది, వాటి మధ్యే పడుకుంది.

అటక మీది ఉన్నితో మల్లయ్య ప్రతి కుక్కకూ ఒక గొంగడి నేశాడు. ఆ రాజ్యంలో కుక్కను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, అది పడుకున్న గొంగడిని కూడా ఇవ్వడం ఆచారం. పాత ఇంటి వాసన మీదే కొత్త ఇంటి వాసన పట్టాలి. తీసుకున్న మనిషి ఆ గొంగడి మీద కుక్క పక్కన పడుకుంటే, మెల్లమెల్లగా దాని మనసు అక్కడ కుదురుకుంటుంది.

ఇక ఇళ్ళు వెతకడం. రాజ్యంలో మిగిలిన గొర్రెలు కొన్ని, కుక్క కావాలనేవాళ్ళు ఎందరో. ఒక పటేలు పెద్ద తలపాగాతో వచ్చాడు.

"కుక్కను ఏడుంచుతవ్ పటేలా?" అని అడిగింది బీరవ్వ.

"వాకిట్ల గొలుసేసి కట్టేస్త. వచ్చేపోయేటోళ్లకు దర్జగ కనవడాలె."

"అట్లైతే గొలుసొక్కటే కట్టుకో. కుక్కెందుకు?"

పటేలు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. కర్రకు భయపడే కుక్కను పాటతో మంద తోలే ఒక ముసలాయనకు ఇచ్చింది. పిల్లలను తోలే కుక్క, ఇంటినిండా పిల్లలూ దొడ్డినిండా మేకలూ ఉన్న ఒక తల్లి దగ్గరికి పోయింది. ముసలికుక్కను మాత్రం ఎవరూ అడగలేదు.

ఒకనాడు శూరభూపతి కిరీటం లేకుండా నడిచివచ్చి దొడ్డి బయట నిలబడ్డాడు.

"దీన్ని నాకిస్తావా తల్లీ? దీనికి నేనే అపకారం చేశాను. కోట వెనక గొర్రెలను పెట్టించాను" అన్నాడు.

"నేనిచ్చుడు గాదు దొరా. అది రావాలె."

రాజు దొడ్డిలోకి వచ్చి, మొలలోని వేటకొమ్మును రాతికేసి పగలగొట్టాడు. ముసలికుక్క గొంగడి చివర కూర్చున్నాడు. అది దగ్గరికి రాలేదు. ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు, రొట్టె పెట్టి ఊరుకునేవాడు. చివరికి ఒకరోజు అది లేచివచ్చి ఆయన మోకాలి మీద తల పెట్టింది. రాజు అందరూ చూస్తుండగానే కళ్ళు తుడుచుకున్నాడు.

చివరకు ఒక్క కుక్క మిగిలింది. బూడిదరంగు కుక్క. రాయిగా ఉన్నప్పుడు అన్నిటికన్నా ముందు బీరవ్వ కప్పిన గొంగడి కింద కదిలింది అదే. బీరవ్వ దానికి మబ్బు అని పేరు పెట్టుకుంది. తను అడుగు తీసి అడుగు వేస్తే అది వెంట ఉండేది. బీరవ్వ దాన్ని ఎవరికీ చూపేది కాదు. అడిగినవాళ్ళందరికీ ఏదో ఒక వంక చెప్పి పంపేది.

"మంద లేని ఇంట్ల మందకుక్క నిలువది బిడ్డా. అది రోజూ ఉత్త దొడ్డి చుట్టు తిరుగుతుంది, సూడలేదా?" అన్నాడు తాత.

ఆమె చూసింది. చూడనట్టు ఉండాలని ఎంతో ప్రయత్నించింది.

ఎండలు ముదిరాయి. కొండకవతల నుంచి లింగవ్వ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయాక ఒంటరిగా పెద్ద మందను కాస్తోంది. మబ్బు ఆమె చేతులు వాసన చూసి, చీర చెంగుకు అంటుకున్న ఉన్ని పోగులు వాసన చూసి, తోక ఊపింది. ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. తెల్లవారితే ఇచ్చి పంపాలి.

ఆ సాయంత్రం బీరవ్వ మబ్బు గొంగడి మడతపెడుతూ ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, ఉన్ని కత్తెర తీసి అంచున జానెడు ముక్క కోసుకుంది. జానెడే కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంది.

లింగవ్వ మబ్బును తీసుకుపోయింది. అక్కడ పగలంతా అది ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేది. పొద్దు వాలితే మాత్రం రెండు ఊళ్ళ మధ్య గట్టెక్కి, గాలిలోకి ముక్కెత్తి నిలబడేది. తన గొంగడి ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఏది తన ఇల్లో దానికి తేలలేదు.

తొలకరి మేఘాలు కరకుకొండ ఎక్కిన సాయంత్రం కూడా మబ్బు గట్టు మీదే ఉంది. అక్కడే రాయి అయిపోయింది. కాపు లేని లింగవ్వ మంద మీద తోడేళ్ళు పడ్డాయి.

మర్నాడు లింగవ్వ గొంగడి మడత చంకలో పెట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గొంగడి మొత్తం ఇచ్చినవా బిడ్డా?" అని అడిగింది.

"ఇచ్చిన" అంది బీరవ్వ తల దించుకుని.

లింగవ్వ గొంగడిని నేలమీద పరిచింది. కోసిన అంచు నుంచి పోగులు ఊడి వేలాడుతున్నాయి. మల్లయ్య ఒక్కసారి చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బీరవ్వ నిలువునా కూలిపోయింది.

"నా గొర్రెలు సగం పొయ్యినయ్. పోతే పోయినయ్ తియ్యి" అంది లింగవ్వ. "గా కుక్క ఏం పాపం జేసింది?"

తిట్టి ఉంటే బాగుండేది. బీరవ్వ జానెడు ముక్క చేతపట్టుకుని, వానలో తడుస్తూ కరకుకొండ ఎక్కింది.

"తెలియక కోశావా, తెలిసే కోశావా?" అని అడిగాడు గండశిలుడు.

"తెలిసే కోసిన. మునికి నేనే జెప్పిన, కోస్తే ఎవరికీ కాదని. నాకు రావలసిన శిక్ష దానికొచ్చింది. నన్ను రాయి జెయ్యి, దాన్ని లేపు."

రాక్షసుడు ఆమె చేతిలోని ముక్కవంక చూశాడు. "బతిమాలినా లాభం లేదని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది" అని నిట్టూర్చాడు. "ఆ ముక్కను మళ్ళీ దాని గొంగడికి కుట్టు. నీ వాసన పూర్తిగా పోయేదాకా లింగవ్వ దానిమీద పడుకోవాలి. అప్పుడు రాతిమీద కప్పితే లేస్తుంది. కాని లేచాక నిన్ను ఆనవాలు పట్టదు."

"కొంచెం గూడా?"

"ఆ కొంచెంతోనే కదా ఇంతా వచ్చింది."

బీరవ్వ ఒక్కో కుట్టూ తన చేత్తోనే వేసింది. గొంగడి లింగవ్వ దొడ్డికి పోయింది. వానలు వెనకబట్టాక, ఇద్దరూ గట్టెక్కారు. బీరవ్వ దూరంగా నిలబడింది. లింగవ్వ గొంగడి కప్పింది. రాయి వెచ్చబడింది. మబ్బు ఒళ్ళు విదిలించుకుని లేచి, లింగవ్వ చేతులు నాకి, కిందనున్న మందకేసి పరుగెత్తబోయి ఆగింది. గట్టు మీద ఎవరో కొత్త మనిషి, మందకు పోయే దారిలో నిలబడి ఉంది. మబ్బు చెవులు రిక్కించి, మందకూ ఆ మనిషికీ మధ్య అడ్డంగా నిలబడి, గట్టిగా మొరిగింది.

బీరవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. గుండె కలుక్కుమంది. అయినా మంచి కుక్క చేయవలసింది అదే.

"కాపు మంచిగ కాస్తుంది లింగవ్వా" అంది.

కుక్కలన్నీ కుదురుకున్నాయని విని శూరభూపతి ఆమెను పిలిపించి ఏం కావాలన్నాడు. బీరవ్వ లింగవ్వకు పోయినన్ని గొర్రెలు ఇప్పించమంది. తనకు ఊరి చివర ఒక పెద్ద దొడ్డి కావాలంది. రాజు రెండూ ఇచ్చి, ఆమెను రాజ్యంలోని మందలన్నిటికీ పెద్దదిక్కుగా నియమించాడు. దిక్కులేని ప్రతి కుక్కా అప్పటి నుంచి ఆ దొడ్డికే వచ్చేది. కుదురుకున్నాక, కొత్త ఇంటికి పోయేది.

కుక్కను ఇచ్చేటప్పుడు బీరవ్వ గొంగడి నాలుగు అంచులూ విప్పి, తీసుకునేవాళ్ళ చేత తడిమించేది. పేచీ ఎందుకనో, జాగ్రత్త కోసమనో జనం అనుకునేవారు. కంబళగిరిలో మందలు ఉన్నంతకాలం ఆ ఆచారం నిలిచింది. ఏటా తొలకరి మేఘాలు కనపడగానే బీరవ్వ ఒక్కతే గట్టు దాకా వెళ్ళేది. మబ్బు మందకు అడ్డం వచ్చి, మొరిగి మొరిగి ఆమెను తరిమేది. ఆ మొరుగు వినపడ్డాకే ఆమె ఇంటిదారి పట్టేది.